సగం ఉప్పు మాంసం

ఎల్లారెడ్డి దాటి నిజాంసాగర్ వైపు పోతుంటే, రోడ్డు దిగి మక్కజొన్న చేన్ల నడుమ కాసేపు నడిచాక ఒక తండా వస్తుంది. అందులో చివరి ఇల్లు రుక్మిబాయిది. ఆ ఇంట్లో పూటకు రెండు కూరలు ఉడికేవి. ఒక గిన్నెలో ఉప్పు వేసిన కూర, ఇంకో గిన్నెలో ఉప్పు లేని కూర. మొదటిది రుక్మిబాయికి, రెండోది ఆమె భర్త తుల్జారాంకు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. కూతురు అంజలి పెళ్ళయి పిట్లంలో ఉంటోంది. ఇద్దరు మనుషులకు ఇన్ని గిన్నెలెందుకే అని పక్కింటివాళ్ళు అడిగితే, చెప్పే ఓపిక లేక రుక్మిబాయి చెయ్యి ఊపి ఊరుకునేది.

ఆమెకు కష్టం కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో దసరా వెళ్ళగానే తుల్జారాంతో కలిసి చెరుకు కొట్టడానికి మహారాష్ట్రకు పోయేది. తోటల పక్కనే గడ్డి గుడిసె, పొద్దంతా కొడవలి, చేతుల నిండా చెరుకు ఆకు కోసిన గీతలు. అంజలి పుట్టాక తుల్జారాం దుబాయికి పోయాడు. "రెండేండ్లు జేసి వస్త, ఒక బోరు ఏయించుకుందం" అన్నాడు. బోరు పడింది, ఇల్లు లేచింది, అంజలి పెళ్ళీ అయింది. ఆయన మాత్రం సెలవు మీద వచ్చి పోతూనే ఉన్నాడు. పొలం దున్నించడం, మక్కలు ఒలిపించడం, బర్రెను చూసుకోవడం, పిల్లకు జ్వరమొస్తే ఎల్లారెడ్డి దవాఖానకు ఎత్తుకుపోవడం అన్నీ ఆమె ఒక్కతే చేసుకుంది. ఇక పోనని ఆయన వచ్చేసిన ఏడు, కొంచెం నడుము వాల్చవచ్చు అనుకుంది.

తుల్జారాం దుబాయిలో వంటమనిషి. ఒక పెద్ద ఓటల్లో పొద్దుటి ఫలహారాలు చేసేచోట పని. తెల్లవాళ్ళు పొద్దున్నే గుడ్డుతో పాటు బేకన్ అనే మాంసం తింటారు. మామూలుగా అది పందిది. అక్కడ పంది మాంసాన్ని వంటింటి గడప తొక్కనివ్వరు కాబట్టి, టర్కీ కోడి మాంసాన్నే ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, పలచని పట్టీలుగా కోసి పెట్టెలకు పెట్టెలు పంపేవారట. దాన్ని రేకుల మీద పరిచి కాల్చడం తుల్జారాం పని. అంచులు మడత పడి, ఎర్రగా మెరిసే సమయానికి తీయాలి. బీపీ ఉన్న దొరలకని ఉప్పు తక్కువ రకం వేరే పెట్టెల్లో వచ్చేది. మిగిలిన ముక్కలు పనివాళ్ళవి. ఏళ్ళ తరబడి ఆయన పొద్దుటి తిండి అదే, రొట్టెలో చుట్టుకున్న నాలుగు టర్కీ పట్టీలు. ఉప్పు తక్కువ రకం మిగిలిన రోజు, ఇంకో రెండు ఎక్కువే తినేవాడు. మంచిదే కదా అని.

ఇంటికి వచ్చిన మరుసటి వానాకాలం, చేనులో మందు చల్లుతుండగా ఆయన కుడిచెయ్యి జారిపోయింది. చేతిలో డబ్బా పడిపోయినా ఆయనకు తెలియలేదు. మాట్లాడబోతే మూతి పక్కకు పోయింది. ఆయన తమ్ముడు దేవీసింగ్‌కు ఆటో ఉంది. ఆ ఆటోలోనే కామారెడ్డికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. మాట కూడా మెల్లగా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగం పనికే మిగిలింది. బీపీ ఎన్నాళ్ళనుంచో ఉందని, గుండె, కిడ్నీలు కూడా కొంచెం అలిసిపోయాయని డాక్టరు చెప్పాడు. గోలీలు రాసిచ్చి, ఉప్పు బాగా తగ్గించాలని రుక్మిబాయికి గట్టిగా చెప్పి పంపాడు.

గోలీలు మింగించడం కష్టం కాలేదు. ఉప్పు దగ్గరే వచ్చింది తంటా అంతా.

"ఏందిది?" అనేవాడు తుల్జారాం, ముద్ద నోట్లో పెట్టుకుని.

"సొరకాయ."

"సొరకాయని నాకెరుకలేదా? గడ్డి తిన్నట్టున్నది."

"డాక్టరు చెప్పింది ఇన్నవు గదా. తిను."

"డాక్టరు తింటడా ఈ కూడు?"

పళ్ళెం ముందుకు తోసేవాడు. ఎడమచేతితో తోయడం వల్ల అది ఎటో పోయి బోర్లాపడేది. రుక్మిబాయి ఎత్తి, నేల తుడిచి, మళ్ళీ వడ్డించేది. ఆమె ఉప్పు డబ్బాను మక్కలు నింపిన గుమ్మిలో దాచింది. ఆయన పోయి తమ్ముడి ఇంట్లో ఉప్పులో ఊరిన మామిడి తొక్కు అడిగి తెచ్చుకున్నాడు. అది పట్టుకుని దాస్తే, రెండు రోజులు అన్నం ముట్టలేదు. మనిషి ఎండిపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతుంటే చూడలేక, ఒక్కోరోజు ఆమే చిటికెడు ఉప్పు ఆయన పప్పులో వేసేది. వేసినందుకు భయం, వేయనందుకు బాధ. పొద్దంతా చేనులో ఒంగి పనిచేసి వచ్చి, ఇంట్లో ఈ కొట్లాట. పొయ్యి ముందు కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు.

ఆ చలికాలంలో దేవీసింగ్ ఒక కబురు తెచ్చాడు. కామారెడ్డి దగ్గర ఒకాయన టర్కీ కోళ్ళు పెంచుతున్నాడట. కిరాయికి పోయినప్పుడు చూశాడట.

"అన్నా, నువ్వు దుబాయిల కాల్చిన కోళ్ళు గవేనా? ఈడ మన దగ్గరనే ఉన్నయి. గొంతు కింద ఎర్రగ, సంచి లెక్క వేలాడుతున్నది."

తుల్జారాం మంచంలో లేచి కూర్చున్నాడు. అంత చురుగ్గా ఆయన లేవడం చూసి చాలా రోజులైంది. "తోలుకురాపో" అన్నాడు.

సగం పెరిగిన కోళ్ళు వచ్చాయి. రుక్మిబాయి వాటికి బర్రె కొట్టం పక్కన జాలీ కట్టింది. అవి వింత పక్షులు. పుంజు తోక విసనకర్రలా విప్పి, మెడ ఎరుపు నుంచి నీలానికి మార్చుకుంటూ ఆమె వెనకాలే తిరిగేది. గడ్డి, తోటకూర, మక్కగింజలు ఏది పెట్టినా తినేవి. ఆమె దగ్గితే అన్నీ ఒక్కసారిగా గుడగుడమని అరిచేవి. నీళ్ళు, మేత, పేడ ఎత్తడం, కుక్కలు రాకుండా చూడడం, మొత్తం ఇంకో పని ఆమె నెత్తిన పడింది. కానీ తుల్జారాం పొద్దున్నే కర్ర ఊతగా వాటి దగ్గరకు నడిచి పోతుంటే, పోనీలే అనుకుంది.

కోళ్ళు ఎదిగాక ఆయన అసలు మాట బయటపెట్టాడు.

"బేకన్ జేద్దం రుక్మీ. ఉప్పు తక్కువది. ఓటల్ల ఏసే దాంట్ల సగమే ఏద్దం. బీపీ ఉన్నోళ్ళు తినేదే అది. నేనే ఎంతమందికి కాల్చి పెట్టలే?"

"డాక్టరును అడగొద్దా?"

"డాక్టరుకు బేకనంటే ఎరుకనా? నాకెరుక."

ఆమె వాదించలేదు. ఆయనకు తెలిసిన పని అది. తిండి మీద ఆయనకు ఆశ పుట్టింది. అంతకంటే ఏం కావాలి?

దేవీసింగ్ కోడిని కోసి, శుభ్రం చేసి ఇచ్చాడు. తుల్జారాం మంచం మీద కూర్చుని ఎడమచేయి చూపిస్తూ చెప్పాడు, రుక్మిబాయి చేసింది. తొడల నుంచి బొక్కలు తీయడం, రొమ్ము మాంసం విడదీయడం, ఉప్పు, బెల్లం, మిరియాల పొడి కలిపి ప్రతి ముక్కకూ రుద్దడం. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తిప్పడం. ఊరాక కడిగి, తుడిచి, ఆరబెట్టి, పాత రేకు డ్రమ్ములో తీగలకు వేలాడదీసి గింజలు ఒలిచిన మక్కబెండ్ల పొగ పెట్టడం. పొగ మంటయితే మాంసం కమురుతుంది, ఆరిపోతే పచ్చిగా ఉంటుంది. కళ్ళు మండుతుంటే కొంగు అడ్డం పెట్టుకుని, పొద్దు వంగేదాకా ఆమె ఆ డ్రమ్ము పక్కనే కూర్చుంది. మరునాడు పట్టీలుగా కోసింది. ఓటల్లో మిషను కోసినంత పలచగా కత్తికి రాలేదు. వేలెడు వెడల్పున, మందంగానే వచ్చాయి.

పెనం మీద నాలుగు చుక్కల నూనె వేసి, సన్నని మంట మీద కాల్చింది. వాసన ఇల్లంతా కమ్మింది. తుల్జారాం జొన్నరొట్టె తుంచి, ఒక పట్టీ పెట్టుకుని నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో రొట్టె అడిగాడు. నెలల తర్వాత అడిగిన రొట్టె అది.

"నువ్వు గూడ తిను" అన్నాడు.

"తింట లే" అంది కానీ తినలేదు. పొద్దంతా పచ్చిమాంసం రుద్ది, పొగ మింగిన మనిషికి ఆ వాసనకే కడుపు నిండిపోయింది. తర్వాత కూడా అంతే. ప్రతిసారీ చేసీచేసీ విసిగి, తన కోసం ఇంత పచ్చిపులుసు కలుపుకుని తినేది. అది ఆయన తిండి, ఆయన మందు లాంటిది అని ఒక ముక్క కూడా నోట్లో వేసుకోలేదు.

ఒకసారి మాత్రం ఆమె ఆయనకు చెప్పకుండా ఉప్పు ఇంకా తగ్గించి రుద్దింది. ఎంత తక్కువైతే అంత మంచిది కదా అని. రోజులు గడిచాక తీసి చూస్తే మాంసం జిగట పట్టి, ముక్కు మూసుకునే వాసన వేసింది. అంతా గుంట తీసి పాతిపెట్టాల్సి వచ్చింది.

"ఉప్పు లేకుంటె మాంసం ఆగుతదానె? ఉప్పుతోనే గదా అది నిలబడేది!" అని తుల్జారాం కసిరాడు. అప్పుడైనా ఆమెకు అనుమానం రావాల్సింది. రాలేదు. పాడైపోయిన మాంసం, వృథా అయిన కష్టమే కళ్ళ ముందు ఉండి, ఆ మాట చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

ఎండాకాలం గడిచింది. పొద్దున నాలుగైదు పట్టీలు, రాత్రి ఇంకో రెండు మూడు. పళ్ళెం తోయడం లేదు, తొక్కు కోసం తిరగడం లేదు. రుక్మిబాయి మధ్యాహ్నాలు కాసేపు కన్ను మూసే అవకాశం కూడా దొరికింది. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడని ఇరుగుపొరుగు అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది. చెప్పులు బిగుతయ్యాయని ఆయన అంటే, పాత చెప్పులు కదా అంది. మెట్టెక్కితే ఆయాసం వస్తుంటే, ఎండకు అనుకుంది. ఒకనాడు పొద్దున ఆయన కాలికి నూనె రాస్తుంటే, ఆమె బొటనవేలు పెట్టి నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రానికే పడుకుంటే ఊపిరాడడం లేదని తుల్జారాం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాట్లాడబోతే మాటకూ మాటకూ మధ్య ఈల వచ్చింది.

దేవీసింగ్ ఆటో మళ్ళీ కామారెడ్డికి పరుగెత్తింది.

ఒంట్లో నీరు చేరిందన్నారు, ఊపిరితిత్తుల్లోకి కూడా వచ్చిందన్నారు. ముక్కుకు గొట్టం పెట్టారు, సూదులు వేశారు. నీరు దిగడం మొదలయ్యాక, తిండి సంగతి చూసే ప్రణీత అనే అమ్మాయి వార్డులోకి వచ్చింది. అంజలి వయసే ఉంటుంది. స్టూలు దగ్గరకు లాక్కుని రుక్మిబాయి ముందు కూర్చుంది.

"అమ్మా, ఇంట్ల ఏం పెడ్తున్నవ్?"

"ఉప్పు ఏస్తలేను మేడం. ఆయన కూర ఏరే వండుత. ఒట్టు."

"తొక్కులు, పాపడాలు, చేపలు?"

"ఏం లేవు. సగం ఉప్పు మాంసం ఒక్కటే తింటడు. గది మంచిదే గదా."

ప్రణీత రాస్తున్న కలం ఆపింది. ఆ మాంసం ఏమిటో, ఎలా చేస్తారో, రోజుకు ఎన్ని ముక్కలో, ముక్క ఎంత మందమో ఓపికగా అడిగింది. రుక్మిబాయి తన వేలు చూపించి చెప్పింది.

"సగమంటె, దేంట్ల సగమమ్మా?"

"ఓటల్ల ఏసే దాంట్ల."

"ఓటల్ల ఏసేది మస్తు ఉంటది. మస్తుల సగం గూడ మస్తే. తక్కువ ఉప్పు అని రాస్తే, ముందటి దానికంటె తక్కువ అని అర్థం. ఇంత జబ్బున్న మనిషికి తక్కువ అని గాదు. మీరు కోసే మందానికి, ఆయన తినే ముక్కలకు, రోజు మొత్తానికి తినాల్సిన ఉప్పు అండ్లనే దాటిపోతున్నది. కూరల ఉప్పు ఆపి, మాంసంల పెట్టినట్టయింది."

రుక్మిబాయి ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకుంది. ఆ చేతులతోనే రుద్దింది.

"కోడి మాంసం చెడ్డది గాదమ్మా" అంది ప్రణీత గొంతు తగ్గించి. "టర్కీల కొవ్వు తక్కువ, బలం ఉంటది. ఊరవెట్టకుండ తాజాది వండు. ఎల్లిగడ్డ, అల్లం, పచ్చిమిర్చి ఎయ్యి, తినేముందు నిమ్మకాయ పిండు. కిడ్నీలు గూడ ఢీలా వడ్డయి కాబట్టి మాంసం పిడికెడే. ఇంకో మాట. దుకాణంల బీపీ ఉప్పు అని అమ్ముతరు, అది కొనకు. కిడ్నీలు బాగలేనోళ్ళకు అది ఇంకో తిప్పలు తెస్తది."

మధ్యాహ్నం పిట్లం నుంచి అంజలి వచ్చింది. తండ్రిని చూసి ఏడ్చింది. సంగతి విన్నాక తల్లివైపు తిరిగింది. లంబాడీల ఇళ్ళల్లో తల్లిని యాడి అంటారు.

"యాడీ, నీకు తెల్వదా? బాపు అడుగుతె మాత్రం పెడ్తవా? రోజూ నీ చేతులతోని నువ్వే కాల్చి పెట్టినవ్ గదనే."

అన్నాక అంజలి నాలుక కరుచుకుంది. కానీ అన్నది అన్నట్టే ఉండిపోయింది. కాసేపటికి కూతురు "నేను ఈడ ఉంట, నువ్వు ఇంటికి పోయి పండుకో. మళ్ళ రా" అంటే, రుక్మిబాయి లేచి బస్సెక్కింది.

ఇంటికి చేరేసరికి కోళ్ళు ఆకలితో జాలీకి ముక్కులు పొడుస్తున్నాయి. వాటికి మక్కలు చల్లి, బర్రెకు మేత వేసి, నీళ్ళు పట్టి, ఇంట్లోకి వచ్చి కూలబడింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. వండుకునే శక్తి లేదు. గంపలో గట్టిపడిన రొట్టె ఉంది. గిన్నె మూత తీస్తే, ఊపిరాడని రోజున తుల్జారాం తినకుండా వదిలేసిన పట్టీ ఒకటి ఉంది. రొట్టెలో పెట్టుకుని కొరికింది.

నోరంతా ఉప్పు. నాలుక ముడుచుకుపోయింది. నమలడం ఆపి, మళ్ళీ నమిలింది, తానే పొరబడిందేమోనని. పొగ వాసన, బెల్లం తీపి, వాటికింద చెంపలు లాగే ఉప్పు. మింగి, చెంబెడు నీళ్ళు తాగింది. మళ్ళీ దప్పిక అయితే మళ్ళీ తాగింది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్కటి, తన నోట్లో వేసుకుని ఉంటే సరిపోయేది. చేసినంతా చేసి, తినే ఓపిక లేక వదిలేసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. అదీ రాలేదు.

తర్వాత కోపం వచ్చింది. ఆయన మీద. తినే మనిషికి తెలియదా?

మరునాడు దవాఖానలో, అంజలి చాయ్ తేవడానికి పోయినప్పుడు అడిగింది.

"గంత ఉప్పున్నది గదా దాంట్ల. నాకెందుకు చెప్పలే?"

తుల్జారాం ఆమెను అర్థం కానట్టు చూశాడు. "ఎక్కడున్నది ఉప్పు?"

"నిన్న తిన్న. నోరు గుంజుకపోయింది."

"నాకు చప్పగనే ఉంటది రుక్మీ. ఒట్టు. నోరు బాగుంటదని తింటున్న గని, ఉప్పు ఉన్నట్టే అనిపియ్యది." ఆగి, కిటికీ వైపు చూశాడు. "దుబాయిల ఉన్నప్పుడు గూడ ఒకసారి సూపుల ఉప్పెక్కువైందని వాపస్ వచ్చింది. మేనేజరు తిట్టిండు. నేను రుచి చూసిన. నాకు మంచిగనే ఉండె. ఎవలకు చెప్పలే. వంటోనికి నాలుక పోయిందంటె పని ఉంటదా?"

ఆయన అబద్ధం ఆడడం లేదని ఆమెకు తెలిసిపోయింది. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత సిగ్గుగా ఉందో కూడా తెలిసింది. కోపం ఎక్కడికీ పోలేదు, కానీ దాన్ని మోసే బలం కూడా ఆమె దగ్గర లేదు. దుప్పటి ఆయన కాళ్ళమీదకు లాగింది. వాపు తగ్గి, మడమ ఎముక మళ్ళీ కనబడుతోంది.

ఇంటికి వచ్చిన మరునాటి పొద్దున, రుక్మిబాయి పొయ్యి దగ్గర ఒకే గిన్నె పెట్టింది. కత్తి, తోటకూర కట్ట, పెసరపప్పు తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది.

"ఏందిది?" అన్నాడు తుల్జారాం.

"నాకు చాతనైతలేదు" అంది. గొంతు పెంచలేదు. "రెండు కూరలు వండుడు, నువ్వు తోసేస్తె తుడుసుడు, ఉప్పు దాసుడు, కోళ్ళు, చేను, బర్రె. నాకు చాతనైతలేదు. ఇయ్యాలటి నుంచి ఇంట్ల ఒక్కటే కూర. నువ్వు తినేదే నేను తింట. వండేది నువ్వే."

"చెయ్యి పనిచేస్తదా నాది?"

"ఎడమచెయ్యి ఉన్నది గదా. ఊరుగాని ఊర్ల అందరికి వండిపెట్టినవ్. నాకు ఒక్కనాడన్న వండినవా?"

ఆమె తువ్వాల తలకు చుట్టుకుని చేనుకు పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రోజు ఆమె తిరిగి వచ్చేసరికి తోటకూర కట్ట అలాగే వాడిపోయి ఉంది. తుల్జారాం గోడవైపు తిరిగి పడుకున్నాడు. రుక్మిబాయి మజ్జిగలో రొట్టె నానేసి ఒక గిన్నె ఆయనకు ఇచ్చింది, ఒకటి తాను తింది. ఉప్పు ఇద్దరిదాంట్లోనూ లేదు. ఆమె నోటికి కూడా అది గడ్డిలాగే ఉంది. అదే తింటున్న ఆమెను చూసి ఆయన తన గిన్నె తానూ ఖాళీ చేశాడు. మర్నాడూ అలాగే జరిగింది.

ఆ తర్వాత ఒకనాడు చేను నుంచి వస్తుంటే ఇంట్లోంచి పోపు వాసన వచ్చింది. తుల్జారాం పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఎడమచేతితో కోసిన ఉల్లిగడ్డ ముక్కలు చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయి. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. ఫ్రిజ్‌లో మిగిలిన పట్టీల్లోంచి ఒకే ఒక్కటి తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, గోరంత ముక్కలుగా తరిగి తాలింపులో వేశాడట. మీద ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, టమాట, పెసరపప్పు, తోటకూర. వేరే ఉప్పు లేదు.

"గీ ఒక్క పట్టీ మొత్తం గిన్నెకు. ఇద్దరికి, రెండు పూటలకు" అన్నాడు, ఆమె అడగకముందే. "దవాఖానల ఆ పిల్లకు అంజలితోని ఫోన్ జేయించిన. అప్పుడప్పుడు గింతైతె నడుస్తదన్నది. ముక్కలు తినొద్దు, వాసనకు ఏసుకోవాలె. మీది నుంచి ఉప్పు ఏయొద్దు."

"కడుక్కో చేతులు" అన్నాడు మళ్ళీ.

రుక్మిబాయి కూర్చుంది. ఆయన వంగి, ఎడమచేతి గరిటెతో వడ్డించాడు. కొంత పళ్ళెంలో, కొంత నేలమీద పడింది. తుడవబోతే "ఉండనీ" అన్నాడు. పప్పు సరిగా ఉడకలేదు. పులుపు ఎక్కువైంది. ముద్దకొక మూల పొగ వాసన మాత్రం తగులుతోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె పొయ్యి ముట్టించకుండా, కూర్చున్నచోట వేడి అన్నం తినడం అదే మొదలు.

"ఎట్లున్నది?" అన్నాడు వంటమనిషి.

"పప్పు పలుకున్నది."

"రేపు నానవోస్త."

దేవీసింగ్ మిగిలిన పట్టీలన్నీ తీసుకుపోయి తండాలో పంచాడు, ఒక చిన్న పొట్లం మాత్రం ఫ్రిజ్‌లో ఉంది. కోళ్ళు సగం అమ్మేశారు. ఇప్పుడు కోడి కోస్తే ఊరబెట్టరు, తాజాగా వండి, తమకు రెండు పిడికిళ్ళు ఉంచుకుని మిగిలింది నాలుగిళ్ళకు ఇస్తారు. తుల్జారాం ప్రతి నెలా కామారెడ్డి పోయి చూపించుకుంటాడు. వాపు లేదు, ఆయాసం కొంచెం ఉంది, ఉంటుందనే డాక్టరు అన్నాడు. కూర బాగా కుదరని రోజున ఆయనే మొదట మొహం చిట్లిస్తాడు. ఒక్కోసారి తొక్కు మీద మనసు పోయి కోపంగా మంచమెక్కి పడుకుంటాడు. రుక్మిబాయి పలకరించదు. ఆకలైతే లేస్తాడని ఆమెకు తెలుసు.

చేను పని ఆమెకు తప్పలేదు. మోకాళ్ళు నొప్పి, నడుము నొప్పి అలాగే ఉన్నాయి. పొద్దుగూకి ఇల్లు చేరాక గడప దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. లోపల ఆయన ఎడమచేతి కత్తి పీట మీద ఆగి ఆగి తగులుతుంటుంది. అన్నం పిలుపు వచ్చేలోపు చాలాసార్లు ఆమెకు అక్కడే కునుకు పట్టేస్తుంది.